నడకను బట్టి పోల్చుకునే రాడార్

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాడార్ అనగానే మన కృష్ణా తీరవాసులకు మచిలీపట్నం గుర్తుకొస్తుంది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగినవారికి తుపాను ముందుగా తెలియడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. వాతావరణ శాఖవారు 2004లో అక్కడ డాప్లర్ రాడార్ నెలకొల్పారు. దాని చూపు మేఘాల మీద. నేల మీది చెట్లు, మేడలు దానికి అడ్డు. వాటి నుంచి తిరిగివచ్చే తరంగాలను వడకట్టి పారేస్తుంది.

నేను చెప్పబోయే రాడార్ పని ఆ నేల మీదనే. చీకట్లో సరిహద్దు వెంట కదిలే మనుషులను, వాహనాలను పసిగట్టడానికి బెంగుళూరులోని ఎల్.ఆర్.డి.ఇ. రూపొందించగా భారత్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన చిన్న రాడార్ అది. జవాన్లు మోసుకుపోగలరు. అదే భారత్ ఎలక్ట్రానిక్స్‌వారి మచిలీపట్నం యూనిట్ రాత్రిపూట చూసే పరికరాలకు పేరుపొందింది. ఒకటి కన్ను, ఒకటి చెవి అనుకోండి.

బెజవాడ స్టేషన్లో రైలు కూత దగ్గరకు వచ్చేటప్పుడు హెచ్చుగా, దాటిపోగానే తగ్గుగా వినబడుతుంది కదా! ఇందులోని సూత్రాన్ని 1842లో డాప్లర్ చెప్పాడు. రాడార్ తరంగమూ అంతే. కదలని గట్టుకు తగిలితే మార్పు లేకుండా తిరిగివస్తుంది. 3 సెంటీమీటర్ల తరంగమైతే, గంటకు 5 కిలోమీటర్ల చొప్పున ఎదురు నడిచే మనిషి వల్ల సెకనుకు సుమారు 93 కంపనాల తేడా వస్తుంది. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ వల్ల సుమారు 1,100. దీనిని చెవికి శబ్దంగా వినిపించవచ్చు.

మరి పోల్చుకోవడం ఎలా? మనిషి నడిచేటప్పుడు కాళ్లూ చేతులూ ఒంటితో సమానంగా కదలవు. ముందుకూ వెనుకకూ ఊగుతాయి. పశువు నాలుగు కాళ్ల లయ వేరు. చక్రం పై అంచు బండికి రెట్టింపు వేగంతో పోతుంది. నేలను తాకే చోటు ఆ క్షణానికి నిశ్చలం. ఈ తేడాలన్నీ తరంగంలో ముద్ర వేస్తాయి. కంప్యూటర్ ఆ ముద్రను తన దగ్గరున్న నమూనాలతో సరిపోల్చి పేరు చెబుతుంది.

చిక్కులూ ఉన్నాయి. గాలికి ఊగే తాటిమట్ట కూడా కదలికే. రాడార్ వైపు రాకుండా అడ్డంగా నడిచేవాడి వల్ల తేడా దాదాపు రాదు. ఎడారిలో సేకరించిన నమూనాలు మన వరిచేలలో పొరబడవచ్చు.

అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి. యంత్రం 'మనిషి' అని చెప్పగలదు. అతడు శత్రువో, తప్పిపోయిన గేదెను వెతుక్కునే రైతో చెప్పలేదు. ఇద్దరి నడకా ఒకటే. ఇక్కడ పొరబాటు జరిగితే పోయేది నిండు ప్రాణం.

మన ఆఫీసుల్లో గుమాస్తా నోటు పెట్టినా, సంతకం చేసి బాధ్యత వహించేది అధికారి. రాడార్ పెట్టేదీ నోటే. అది ఎంత తెలివిమీరినా సంతకం మాత్రం మనిషిదే కావాలని నా మనవి.