పిల్లల పలుకు – హల్లుల నడక



చెన్నపట్టణంలో తెలుగు చదివే పసివాడు ‘స్కూలు’ను ‘ఇస్కూలు’ అంటే తరగతి నవ్వుతుంది. ‘ప్రాణం’ ‘పానం’ అయినా, ‘భయం’ ‘బయం’ అయినా నవ్వే. ఆ నవ్వుకు జంకిన బిడ్డ క్రమంగా తెలుగులో నోరు విప్పడమే మానివేస్తాడు. వీధిలోను, అంగడిలోను తమిళమే వినవచ్చే నగరంలో అట్లా మూగవోయిన తెలుగు మళ్లీ పలకడం కష్టం. కనుక ఆ ‘తప్పు’ స్వరూపం విచారింపదగినది.

తెలుగు మాటకు అచ్చుతో ముగియడం ఇష్టం. తమిళంలోని ‘కాల్’, ‘కణ్’, ‘విల్’ తెలుగులో ‘కాలు’, ‘కన్ను’, ‘విల్లు’. ఆంగ్లం నుండి వచ్చిన ‘బస్’ సైతం ‘బస్సు’ అయినది. మాట మొదట రెండు హల్లులు జతపడినా వాడుక సహించదు. కావ్యాలలోని ‘క్రొత్త’, ‘ప్రాత’, ‘గ్రుడ్డు’ నేడు ‘కొత్త’, ‘పాత’, ‘గుడ్డు’. నిజానికి ఆ జంటహల్లులు కూడా ఆదిలో లేవు. తమిళ ‘మరం’లో విడివిడిగా ఉన్న మకార రేఫలు, తెలుగులో అచ్చు చోటు మారడం వలన కలిసి ‘మ్రాను’ అయినవి. పిమ్మట రేఫ జారి ‘మాను’ మిగిలినది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి 1961 నాటి తమ గ్రంథంలో ఇట్టి మార్పులను శాస్త్రీయంగా నిరూపించినారు. ‘కొత్త’ అన్నవారిని ఎవరూ నవ్వరు. ‘పానం’ అన్న బిడ్డ నడచినదీ ఆ బాటనే.

ఈ ధర్మం తెలుగుకే పరిమితం కాదు. లాటిన్ ‘స్కోలా’ స్పానిష్‌లో ముందు అచ్చు చేర్చుకొని ‘ఎస్కువేలా’ అయినది. మన ‘ఇస్కూలు’ దానికి తోబుట్టువు! దక్షిణ స్పెయిన్‌లోని అందలూసియాలో అక్షరాంతమందలి సకారం హకారంగా సడలుతుంది, కొన్నిచోట్ల లోపిస్తుంది. ఆ పలుకును కూడా చిరకాలం చులకన చేసినారు.

ఇక ‘బయం’ సంగతి. వర్గాక్షరాల ఒత్తులు తెలుగుకు ప్రధానంగా సంస్కృతం నుండి వచ్చినవి. తమిళ లిపిలో ఒత్తులు లేవు. క, గ లకు ఒకే అక్షరం. 2006 నాటి చట్టం మేరకు ఇక్కడి బడులలో తమిళం తప్పనిసరి అయినది. రెండు లిపులను మోసే పసినాలుక తడబడితే వింత లేదు.

అయితే ప్రమాణభాష నేర్పనక్కరలేదా? తప్పక నేర్పాలి. ‘కరము’ అంటే చేయి, ‘ఖరము’ అంటే గాడిద. ‘పానం’ తాగడం, ‘ప్రాణం’ జీవం. అర్థభేదం తెలియని చదువు చదువు కాదు. కాని బిడ్డ చెప్పదలచినది పూర్తిగా విన్న పిమ్మట, ఇంటిమాటను, పుస్తకపు మాటను నల్లబల్లపై పక్కపక్కన వ్రాసి చూపితే, మందలింపు లేకుండానే పాఠం అందుతుంది.

బాలవ్యాకరణం రచించిన పరవస్తు చిన్నయసూరి తెలుగు బోధించినది ఈ నగరంలోనే. వాడుకభాషకు గౌరవం కోసం జీవితాంతం పోరాడినవారు గిడుగు రామమూర్తి (1863–1940). చిన్నయసూరి నియమం, గిడుగువారి ఆదరం—రెండూ తరగతి గదికి కావాలి. తల్లిదండ్రులు ఇంట తెలుగు మాట్లాడాలి. పూర్వవిద్యార్థులు తమ పిల్లల పలుకు విని నవ్వక బదులు పలకాలి. బిడ్డ పలికినంత కాలం దిద్దడానికి అవకాశం ఉంటుంది. మౌనం వహించిన నాడు దిద్దడానికేమీ మిగలదు.