శిరోముండనం కేసులో శిక్ష పడ్డది – పోటీకి మాత్రం అడ్డు పడలేదు

(ఇబ్రహీంపట్నం మండలం బొంగులూరు దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బొంగులూరులో నిలబడి ఎక్కడో గోదావరి జిల్లా ముచ్చట ఎందుకు చెప్తున్నరని మీరు అడగొచ్చు. అడగాలె కూడా. మేము చెప్పబోయేది వెంకటాయపాలెం సంగతి. అక్కడి దళితులకు ఏ చట్టం ఉన్నదో మనకూ అదే చట్టం. ఆ చట్టంలో ఏ సందు ఉండబట్టి శిక్షపడ్డ నాయకుడు మళ్లీ ఓట్లడగ వచ్చిండో, ఆ సందు మన ఊర్ల కాడ కూడా తెరిచే ఉన్నది. అందుకే చెప్తున్నం.

1996 డిసెంబర్ 29. తూర్పు గోదావరి జిల్లా, రామచంద్రపురం మండలం, వెంకటాయపాలెం. ఐదుగురు దళితులను నిర్బంధించి హింసించారు. వారిలో ఇద్దరికి గుండు గీయించి, కనుబొమ్మలు కూడా తీయించారు. ఇదీ కేసు. ఇందులో ముఖ్య నిందితుడు ఎవరో కాదు, ఆనాటి రామచంద్రపురం ఎమ్మెల్యే తోట త్రిమూర్తులు. 1994 ఎన్నికల్లో ఇండిపెండెంటుగా గెలిచిన మనిషి.

గుండు గీస్తే ఏమైతది, వెంట్రుకలు మళ్లీ మొలవవా అనే పెద్దమనుషులు ఉన్నారు. తిరుపతిలో మన ఇష్టంతో ఇచ్చే తలనీలాలు వేరు, పదిమంది చూస్తుండగా బలవంతంగా కత్తి పెట్టడం వేరు. కొట్టిన దెబ్బ ఒంటికి తగులుతది. గుండు ఊరికంతటికీ చూపించే దెబ్బ. నీ తల నీది కాదు, మాది అని చెప్పడమే దాని అర్థం. అందుకే 2015లో అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు బలవంతపు శిరోముండనం, మీసాలు తీయించడం అనే మాటలు పేరుపెట్టి మరీ నేరాల్లో రాశారు.

ఇప్పుడు ఆ నాయకుడి రాజకీయ ప్రయాణం చూడండి. 1999లో తెలుగుదేశం ఎమ్మెల్యే. 2004లో ఓటమి. 2009లో ప్రజారాజ్యం అభ్యర్థి, ఓటమి. 2012 ఉప ఎన్నికలో కాంగ్రెస్ ఎమ్మెల్యే. 2014లో మళ్లీ తెలుగుదేశం ఎమ్మెల్యే. 2019లో ఓడి, అదే ఏడు వైఎస్సార్ కాంగ్రెస్‌లో చేరిండు. 2021 జూన్‌లో గవర్నర్ కోటాలో ఎమ్మెల్సీ అయిండు. జెండాలు మారినయి, కండువాలు మారినయి. నాలుగు పార్టీలు ఆయనకు టిక్కెట్టు ఇచ్చినయి. ఆ నాలుగు పార్టీలూ ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహానికి దండ వేసినవే. వెంకటాయపాలెం మచ్చ ఏ పార్టీకీ టిక్కెట్టు ఇయ్యడానికి అడ్డం రాలేదు. మేము ఒక్క మనిషిని తిట్టడానికి ఇక్కడికి రాలేదు. ఆ మనిషిని ఎత్తుకొని తిరిగిన పార్టీలన్నిటినీ అడుగుతున్నం.

కేసు ఏమైంది? 2024 ఏప్రిల్ 16న విశాఖపట్నం ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. త్రిమూర్తులుతో పాటు మిగతా నిందితులూ దోషులేనన్నది. 18 నెలల జైలు, జరిమానా. నేరం జరిగిన నాటి నుంచి తీర్పు దాకా 27 ఏండ్ల మూడున్నర నెలలు! అప్పుడు పుట్టిన పిల్లకు పెండ్లయి పిల్లలు పుట్టి ఉంటరు. నాయకుడికి వాయిదా అంటే వకీలుకు ఒక ఫోను. కూలోనికి వాయిదా అంటే పోయిన కూలి, బస్సు చార్జీ, ఊర్లో పెద్దల కన్నెర్ర. అన్నేండ్లు మాట తిప్పకుండా నిలబడ్డ ఆ బాధితులకు ఈ సభ నుంచి చేతులెత్తి దండం పెడుతున్నం.

శిక్ష పడ్డది కదా, ఇంకేం కావాలె అంటరా? ఇక్కడే అసలు ముచ్చట ఉన్నది.

తీర్పు రోజే ఆయనకు బెయిలు దొరికింది. నెల తిరగకముందే, 2024 మే 13 ఎన్నికల్లో మండపేట నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేసిండు. ఇది చట్టం తప్పి చేసింది కాదు, చట్టం ప్రకారమే చేసింది. ఎట్లనో వినండి.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో 8వ సెక్షన్ ఉన్నది. శిక్షపడ్డ వాళ్లలో ఎవరు పోటీకి పనికిరారో అది చెప్తది. మామూలు నేరాలకైతే రెండేండ్లు, ఆపైన శిక్ష పడితేనే అనర్హత. ఇక్కడ పడ్డది 18 నెలలు. రెండేండ్లకు ఆర్నెల్లు తక్కువ. ఆ ఆర్నెల్ల సందులోంచే నామినేషను లోపలికి పోయింది.

అదే సెక్షన్‌లో ఇంకొక జాబితా ఉన్నది. ఆ జాబితాలోని నేరాలకు రెండేండ్ల లెక్క లేదు. ఉత్త జరిమానా పడ్డా ఆరేండ్లు పోటీకి పనికిరారు. లంచాల చట్టం అందులో ఉన్నది. సతి నిరోధక చట్టం ఉన్నది. జాతీయ జెండాను అవమానించిన నేరం ఉన్నది. అంటరానితనం మీద వచ్చిన 1955 పౌర హక్కుల రక్షణ చట్టం కూడా ఉన్నది. లేనిది ఏది? 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం!

అంటే లెక్క ఇట్ల తేలింది. హోటల్లో దళితునికి వేరే గ్లాసు పెట్టి, 1955 చట్టం కింద జరిమానా పడితే ఆరేండ్లు ఎమ్మెల్యే కాలేడు. అదే దళితుని పట్టుకొని గుండు గీయించి, 1989 చట్టం కింద 18 నెలలు పడితే తెల్లారి నామినేషను వెయ్యొచ్చు. గ్లాసుకున్న విలువ మనిషి తలకు లేదా?

కొందరు మిత్రులు రెండు మాటలు అంటున్నరు. ఒకటి, పైకోర్టు ఉన్నది కదా అని. నిజమే, అప్పీలు చేసుకునే హక్కు అందరికీ ఉన్నది, ఆయనకూ ఉన్నది. మేము కాదనం. కానీ లంచం కేసులో దోషి అయిన నాయకునికి, పైకోర్టు ఆ తీర్పును ఆపకపోతే, అనర్హత తీర్పు రోజు నుంచే మొదలైతది. మన కేసుకే వేరే కొలత ఎందుకు? రెండో మాట, ఓటర్లే తేలుస్తరు కదా అని. మండపేట ఓటర్లు ఆయనను ఓడగొట్టిన మాట వాస్తవం. ఓడినందుకు సంతోషమే. కానీ ఓట్ల లెక్కలో మనం ఎప్పుడూ తక్కువోళ్లమే. మన మానం మర్యాదలను ఎక్కువ మంది దయకు వదిలిపెట్టొద్దనే బాబాసాహెబ్ హక్కులను రాజ్యాంగంలో రాయించిండు.

ఇబ్రహీంపట్నం 2004 ఎన్నికల దాకా ఎస్సీ రిజర్వుడు సీటు. 2009 నుంచి జనరల్ అయింది. ఇప్పుడు ఇక్కడ ఎవరైనా నిలబడొచ్చు. నిలబడేటోళ్ల చరిత్ర తెలుసుకునే పని మన మీదనే పడ్డది.

అందుకని మూడు పనులు చెప్తున్నం.

ఒకటి. ఏ ఎన్నికల్లోనైనా అభ్యర్థి తన మీదున్న కేసులను అఫిడవిట్‌లో రాసియ్యాలె. ఆ కాగితం తెచ్చి వాడకట్టు నడుమ చదివి వినిపించండి. చదువుకున్న పిల్లలు ఈ పని పట్టుకోవాలె.

రెండు. అత్యాచారం కేసు అయితే బాధితుణ్ణి ఒంటరిగా కోర్టుకు పంపొద్దు. 1995 నిబంధనల ప్రకారం బాధితులకు, సాక్షులకు దారి ఖర్చులు, భత్యం సర్కారే ఇయ్యాలె. దర్యాప్తు డీఎస్పీకి తక్కువ హోదా అధికారి చెయ్యొద్దు. బెయిలు ఇచ్చేముందు బాధితుని మాట వినాలని 15ఎ సెక్షన్ చెప్తున్నది. ఇవి అడిగి తీసుకోవాలె. అడగకుంటే ఎవరూ ఇంటికి తెచ్చియ్యరు.

మూడు. 1989 చట్టాన్ని 8వ సెక్షన్ జాబితాలో చేర్చాలె. ఇది అసెంబ్లీ చేతుల లేదు, పార్లమెంటు చెయ్యాలె. మన ఇబ్రహీంపట్నం భువనగిరి లోక్‌సభ కిందికి వస్తది. అక్కడ ఓటు అడగొచ్చే ప్రతి పార్టీని, ప్రతి అభ్యర్థిని ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఈ సవరణకు నువ్వు ఒప్పుకుంటవా, లేదా?

పార్లమెంటు మన మాట వింటదా అని అనుమానం వద్దు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పుతో ఈ చట్టం కోరలు పీకేసినట్లయింది. ఏప్రిల్ 2న దేశమంతా దళితులు బందు చేశారు. ఉత్తరాదిలో ప్రాణాలు పోయినయి. ఆ ఏడే ఆగస్టులో పార్లమెంటు సవరణ చేసి కోరలు మళ్లీ పెట్టింది. దళితులు రోడ్డెక్కకుంటే అది అయ్యేదా?

ఆనాడు పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకున్నం. ఇప్పుడు లేనిదాన్ని రాయించుకోవాలె.

అత్యాచారాల నేరస్థులకు చట్టసభల్లో చోటు వద్దు!
జై భీమ్!