గుండెలో తీగ
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

గుండెజబ్బు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. నేను డాక్టరును కాను, రిటైరైన లెక్కల మాష్టారును. నాకు తెలిసింది నా గుండె సంగతి ఒక్కటే.

నా ఎడమ భుజం కింద, చర్మం లోపల చిన్న పెట్టె ఒకటి ఉన్నది. పేస్‌మేకర్ పేరు మీరంతా వినే ఉంటారు. 1958లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే ఆయనకు దాన్ని మొదటిసారి శరీరం లోపల అమర్చారు. ఆ మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. అయినా ఇరవైకి పైగా పెట్టెలు మార్చుకుంటూ ఆయన 2001 దాకా బతికాడు! నా పెట్టె దానికి తమ్ముడి వరస. గుండె అదుపు తప్పి పరుగెత్తితే లోపలినుంచే షాకు కొట్టి దారికి తెస్తుంది. డిఫిబ్రిలేటర్ అంటారు. 1980లో అమెరికాలోని బాల్టిమోరులో మొదటిసారి మనిషికి పెట్టారు.

అందరూ పెట్టె సంగతే అడుగుతారు. తీగ సంగతి ఎవరూ అడగరు. పెట్టెనుంచి రక్తనాళం గుండా గుండె కుడి గదిలోకి దిగే సన్నని తీగ అది. గుండె కొట్టుకున్నప్పుడల్లా కదలాలి, వంగాలి. నిమిషానికి 70 చొప్పున లెక్కవేయండి, రోజుకు లక్షా ఎనిమిది వందల సార్లు.

నాది ఆరేళ్లకు చిట్లింది. ఒకరోజు పొద్దున అటకమీద డబ్బా అందుకోబోయాను. లోపలినుంచి ఎవరో గుద్దినట్లయింది. కూర్చునేలోగా మళ్లీ! అయిదు షాకులు. గుండె మాత్రం సక్రమంగానే కొట్టుకుంటున్నది. తీగ పగులులో పుట్టిన గోలనే పెట్టె గుండె గోల అనుకున్నది. దొంగసాక్ష్యం నమ్మి నిర్దోషికి శిక్ష వేసినట్లన్నమాట. ఆసుపత్రిలో ఛాతీమీద అయస్కాంతం పెడితే గాని షాకులు ఆగలేదు.

ఆ రకం తీగలో లోపం ఉందని కంపెనీవారు అంతకుముందే ఉత్తరాలు పంపారట. నాది పాత అద్దె ఇంటికి వెళ్లింది. కంపెనీ పేరు, ఆసుపత్రి పేరు ఇక్కడెందుకు? ఇల్లు మారిన సంగతి నేనూ వారికి చెప్పలేదు కదా.

పాత తీగ లాగేద్దామంటే అది రక్తనాళానికి, గుండెకు అతుక్కుపోయి ఉంటుంది. లాగేటప్పుడు చిరిగితే ప్రాణానికే ముప్పు. దాన్ని అలాగే వదిలి పక్కన కొత్తది వేయించుకున్నాము. “ఆ పాడుది లోపలే ఉంటుందా డాక్టరుగారూ?” అన్నది మా ఇంటావిడ. “ఉంటుందమ్మా, నోరు మూసుకుని” అన్నారాయన.

అందరూ కంగారుపడి తీయించుకోవాలని నేననను. 2007లో వేరొక రకం తీగను అమ్మకం నుంచి ఆపినప్పుడు అప్పటికే సుమారు 2,68,000 అమర్చి ఉన్నాయి. పాడుకాని తీగను ఊరికే లాగితే ఆ ఆపరేషనే ఎక్కువ ప్రమాదం కావచ్చు. మీ డాక్టరు చెప్పినట్లు చెకింగుకు వెళ్లండి. పెట్టె బీప్‌మంటే అశ్రద్ధ చేయకండి.

భయం మాత్రం తీగ మార్చినంత సులువుగా పోలేదు. ఏడాదిపాటు ఎడమ చెయ్యి పైకెత్తలేదు. షాకు పసిదానికి తగులుతుందేమోనని మనవరాలిని ఎత్తుకోలేదు. చివరకు సిగ్గు విడిచి అడిగాను. తాకినవారికి కాస్త జిల్లుమనవచ్చు గాని హాని లేదన్నారు డాక్టరు. ఆ సాయంత్రమే ఎత్తుకున్నాను.

తీగ రకం, నంబరు ఉన్న కార్డు నా జేబులోనే ఉన్నది. ఇళ్లలో ఇలాంటి పెట్టె ఉన్నవారెవరైనా ఉంటే సభ అయ్యాక రండి, మీ కార్డులో ఏది ఎక్కడుందో చూపిస్తాను.