బంకు కార్మికుని జీతంలో కోత
(శాఖా సభలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో పెట్రోలు బంకు కార్మికుల ప్రస్తావన ఏల అని కొందరు మిత్రులు అడిగారు. టికెట్ల కౌంటరులోనో, తపాలా కౌంటరులోనో కూర్చున్నవారికి లెక్క తక్కువ పడిన సాయంత్రం ఎట్లుంటుందో తెలుసు. అయినా మనకు సంజాయిషీ కోరుతూ కాగితం వస్తుంది, జవాబుకు గడువుంటుంది, వెనుక యూనియను ఉంటుంది. బంకు కార్మికులలో అధిక భాగానికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

అతని డ్యూటీ మీటరు అంకెతో మొదలై మీటరు అంకెతో ముగుస్తుంది. ఆ రెండంకెల తేడాను ధరతో గుణించి అంత సొమ్మూ అప్పగించాలి. చిల్లరలో పొరపాటు, దొంగనోటు, ఫోనులో సొమ్ము పంపినట్లు చూపి వెళ్లిపోయిన బండి, అన్నీ అతని ఖాతాలోనే. కొలత సరిచూచుటకు ఉదయం అయిదు లీటర్ల పాత్రలో పట్టి తిరిగి ట్యాంకులో పోస్తారు. మీటరు మాత్రం ఆ అయిదు లీటర్లనూ లెక్కిస్తుంది. పుస్తకంలో రాయడం మరచితే అదీ అతని నెత్తినే. జీతం ఎంత చేతికి వచ్చేదీ జీతం రోజునే తెలుస్తుందని మాతో ఒక కార్మికుడన్నాడు.

ఇట్టి కోతకు 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే హద్దు గీసింది. కార్మికుని నిర్లక్ష్యం వలన కలిగిన నష్టానికి మించి కోయరాదు. కోసే ముందు అతని సంజాయిషీ వినవలెను. ఆ చట్టం సంస్థను బట్టి, జీతపు పరిమితిని బట్టి వర్తించేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడు ఇదే నియమాన్ని ఉద్యోగులందరికీ చెప్పింది. కొత్త కోడులపై మనకున్న అభ్యంతరాలు వేరు. చేతికందిన ఈ ఒక్క రక్షణనైనా వాడుకోవద్దా?

చొక్కా మీద ప్రభుత్వరంగ కంపెనీ గుర్తు ఉంటుంది, జీతమిచ్చేది డీలరు. 1974లో ఎస్సో, 1976లో బర్మా షెల్ ప్రభుత్వపరమైనప్పుడు కంపెనీ ఉద్యోగులు ప్రభుత్వరంగంలోకి వచ్చారు. బంకులో గొట్టం పట్టిన చేయి బయటనే ఉండిపోయింది. కంపెనీని అడిగితే డీలరును చూపుతుంది. డీలరు కమీషను చాలదంటాడు. అది అబద్ధమని మేము అనము, చిన్న డీలర్ల ఇబ్బందులు ఎరుగుదుము. అందుకని ఆ లోటును కార్మికుని కూటిలోంచి పూడ్చవచ్చునా? చిన్న బంకులలో సిబ్బంది కొద్దిమందే గనుక భవిష్యనిధికి కావలసిన 20 మంది లెక్కా కుదరదు. పెట్రోలు ఆవిరిలోని బెంజీను క్యాన్సరు కారకమన్న సంగతి మరొక సభలో వివరంగా చెప్పుకోవలసినది.

మేము కోరేది చిన్న పని. మేము తిరిగిన బంకులలో షిఫ్టు దిగేసరికి రాత్రి పది దాటుతుంది. కూర్చుని మాట్లాడుకొనుటకు వారికి చోటు లేదు. నెలకొక రాత్రి మన శాఖా కార్యాలయాలు వారికోసం తెరచి ఉంచండి. లెక్కలు ఎరిగిన మిత్రులు ఇద్దరేసి హాజరై, మీటరు అంకెలు, పరీక్షకు పట్టిన లీటర్లు, కోత, తేదీ రాసుకునే చిన్న పుస్తకం ప్రతి ఒక్కరిచేతా పెట్టించండి. సంజాయిషీ అడగకుండా కోసిన ప్రతి రూపాయికీ అందులో పద్దు ఉండాలి. మూడు నెలల పద్దులు సిద్ధమైన పిమ్మట కబురు పంపండి. కార్మిక శాఖ అధికారి వద్దకు మేమూ వస్తాము.