పత్తి ఆకులో మాంసకృత్తుల తూకము

పర్చూరు ప్రాంతపు నల్లరేగడి భూములు పత్తికిని, మిరపకును, శనగకును పేరుపడినవి. తొలుత గుంటూరు జిల్లాలో నుండిన ఈ సీమ 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాలో చేరినది. 2022లో బాపట్ల జిల్లాలోనికి వచ్చినది. జిల్లాలు మారినను రైతునకు కాటాతో గల సంబంధము మారలేదు. మిరప టిక్కీ అయినను, పత్తి బోరెమయినను, ఏడాది కష్టము విలువ కట్టునది ఆ తూకమే. కాని కాటాకు అందని తూకము మరియొకటి కలదు. గ్రాము ఆకులో గ్రామునందలి పదిలక్షలవ వంతుగా నుండు ఒక మాంసకృత్తును తూచుట నేటి ప్రసంగ విషయము.

ఇంత సూక్ష్మమైన తూకముతో రైతునకు పని యేమని అడుగవచ్చును. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ పత్తి పంటను నాశనము చేసినది. మందులకై చేసిన అప్పులు తీర్చలేక పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. అటుపిమ్మట శనగపచ్చ పురుగు మీద కూడ మందులు పనిచేయక, చేను కాపాడుకొనుట నానాటికి కష్టమైనది. అట్టి స్థితిలో 2002 మార్చి నెలలో బి.టి. పత్తి సాగునకు మన దేశమున అనుమతి లభించినది. నేలలో నుండు ఒక సూక్ష్మజీవి జన్యువును ఆ పత్తిలో చేర్చిరి. ఆ జన్యువు వలన మొక్క క్రై1ఏసీ అను మాంసకృత్తును తానే తయారుచేసికొనును. ఆకు తిన్న పురుగు ప్రేగు గోడకు ఆ పదార్థము అంటుకొని రంధ్రములు చేయును, పురుగు చచ్చును. తెల్లదోమ రసము పీల్చునదగుట వలన దానిపై దీని ప్రభావము లేదు.

సంచి మీద పేరున్నంత మాత్రమున ఆకులో చాలినంత విషము ఉన్నదని చెప్పుటకు వీలు లేదు. నాగపూరులోని కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థలో కేశవ్ క్రాంతి ప్రభృతులు ఈ సంగతి కొలిచి, 2005లో ప్రకటించిరి. లేత ఆకులలో అధికముగా నున్న క్రై1ఏసీ, పూవు అండాశయములోను కాయ తొక్కలోను అత్యల్పముగా నుండెను. పైరు ముదిరిన కొలది అది తగ్గిపోయి, విత్తిన 110 దినముల తరువాత, పురుగును చంపుటకు వలయు మట్టమునకు, అనగా గ్రాముకు సుమారు 1.9 మైక్రోగ్రాములకు, దిగువకు పోవుచుండెను. పురుగు కోరునది కాయను. విషము మెండుగా నున్నది ఆకులో!

వారు వాడినది ఎలైసా అను పద్ధతి. ఒక మాంసకృత్తును మాత్రమే గుర్తించి పట్టుకొను ప్రతిరక్షకము దీనికి ఆధారము. ఖర్చు తక్కువ, పని సులువు. అయితే ఒక ప్రతిరక్షకము ఒక పదార్థమునే చూపును. 2006లో అనుమతి పొందిన రెండవ తరము బి.టి. పత్తిలో క్రై1ఏసీతో పాటు క్రై2ఏబీ కూడ కలదు. ఈ రెంటిని, వానితో బాటు ఆకు సహజముగా చేసికొను ఇతర మాంసకృత్తులను, ఒకే నమూనాలో ఒకేసారి తూచవలెనన్న మాస్ స్పెక్ట్రోమీటరు అక్కరకు వచ్చును.

ఈ యంత్రము అణువులను బరువును బట్టి వేరుచేయును. కేంబ్రిడ్జిలో ఆస్టన్ 1919లో దీనిని నిర్మించినపుడు మూలకముల పరమాణువులనే తూచగలిగెను. మాంసకృత్తులు పెద్దవి, సున్నితమైనవి. ఆవిరి చేయబోయిన చెడిపోవును. ద్రవమును విద్యుత్తుతో సన్నని తుంపరగా చిమ్మి వానిని చెదరకుండ యంత్రములోనికి పంపు విధానమును అమెరికాలో జాన్ ఫెన్ రూపొందించెను. లేజరు కాంతితో జపానులో కోయిచి తనాకా ఇట్టి పనినే సాధించెను. 2002 నోబెల్ బహుమతిలో వారికి భాగము లభించినది. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో ఇట్టి యంత్రములతో మాంసకృత్తుల పరిశోధన జరుగుచున్నది.

పని జరుగు తీరు ఇది. కోసిన ఆకును వెంటనే అతి శీతల ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి పొడి చేయుదురు. ఆలస్యమైనచో ఆకులోని ఎంజైములే మాంసకృత్తులను కొరికివేయును. పొడి నుండి మాంసకృత్తులను తీసి, మడతలు విప్పి, ట్రిప్సిన్ అను ఎంజైముతో తునకలు చేయుదురు. ట్రిప్సిన్ ఎచ్చట పడిన నచ్చట నరకదు. లైసిన్, ఆర్జినిన్ అను రెండు అమైనో ఆమ్లముల తరువాతనే త్రెంచును. కావున ఏ మాంసకృత్తు నుండి ఏ తునక రావలెనో, దాని బరువెంతో ముందే లెక్క కట్టవచ్చును. ఆ బరువు గల తునకను యంత్రము ఏరి, మరల విరిచి, ఆ ముక్కల బరువులను కూడ పోల్చి గుర్తించును.

తునకను గుర్తించుట ఒకటి, దాని పరిమాణము తేల్చుట మరియొకటి. యంత్రము చూపు సంకేతము రోజున కొకరీతిగా మారును. దీనికి ఉపాయమును శనగల రాశితో చెప్పవచ్చును. ఎర్ర శనగల రాశిలో నూరు తెల్ల శనగలను కలిపి, బాగుగా తిప్పి, దోసెడు తీసి చూడుడు. ఒక తెల్ల గింజకు ఏబది ఎర్ర గింజలు వచ్చినచో, రాశిలో సుమారు 5000 ఎర్ర శనగలున్నట్లు లెక్క. దోసిలి పెద్దదైనను చిన్నదైనను నిష్పత్తి మారదు. అటులనే, కొలువదలచిన తునకను భారమైన కర్బనముతోను, నత్రజనితోను తయారుచేసి, తెలిసిన మోతాదులో నమూనాకు కలుపుదురు. గుణములో రెండును ఒకటే. బరువులో మాత్రమే తేడా. రెండు సంకేతముల నిష్పత్తియే తూకమును తేల్చును.

ఇందును జాగ్రత్త వలయును. తెల్ల శనగలను కలుపుటకు ముందే రాశిలో కొంత ఒలికిపోయినచో, ఆ లోటును నిష్పత్తి చూపదు. అటులనే పొడి నుండి పూర్తిగా బయటపడని మాంసకృత్తును ఈ లెక్క పట్టుకొనదు. పత్తి ఆకులో జిగురును, వగరు పదార్థములును అధికము గనుక ఈ చిక్కు మరింత ఎక్కువ. సగటు కూడ మోసము చేయును. మన బి.టి. సంకర పత్తి కాయలో, ఒక్కొక్క జన్యువు విషయమున, సుమారు నాల్గింట ఒక వంతు గింజలకు ఆ జన్యువు సంక్రమింపదు. గింజలన్నియు కలిపి నూరినచో సగటు బాగుగనే కనబడును. గులాబీరంగు పురుగు మాత్రము విషము లేని గింజను చేరి హాయిగా పెరుగును.

గుజరాతులో 2009 పంటకాలమున గులాబీరంగు పురుగు క్రై1ఏసీని తట్టుకొనుట బయటపడినది. పిమ్మట రెండవ తరము పత్తిని కూడ అది జయించినది. చేనిలో పురుగు కనబడగానే విత్తనమును నిందింపవలెనా, పురుగు మారినదని అనుకొనవలెనా? తేల్చునది తూకమే. కాయలో విషము చాలినంత యుండియు పురుగు బ్రతికినచో, మారినది పురుగు. అపుడు లింగాకర్షక బుట్టలు పెట్టుట, డిసెంబరు దాటకుండ పంట ముగించుట, మోళ్లు పొలములో మిగులనీయకుండుట మొదలగునవి చేయదగిన పనులు. విషమే చాలనిచో విత్తనపు నాణ్యతను విచారింపవలెను. రోగము తెలియక రెంటికిని మందు చల్లుటయే మార్గమనుకొన్నచో అప్పు పెరుగును, పురుగు మిగులును.

ఈ యంత్రము ఖరీదైనది. ప్రతి గ్రామమునకు రాలేదు, రానక్కరలేదు. పరీక్షా ఫలితమును చేతనిడినపుడు రైతు అడుగవలసిన ప్రశ్నలు మాత్రము ప్రతి గ్రామమునకు రావలెను. ఆకును తూచితిరా, కాయను తూచితిరా? విత్తిన ఎన్నవ దినమున కోసితిరి? ఎన్ని మొక్కల నుండి తీసితిరి? విడివిడిగా కొలిచితిరా, కలిపి కొలిచితిరా? కాటా ముందు నిలిచి ముల్లు సరిచూచుకొనుట ఎరిగిన పర్చూరు రైతునకు ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు.