అండమాన్ వెళ్తున్నారా? ఫ్లైట్ కంటే ముందు ఫెర్రీ గురించి ఆలోచించండి

"అన్నా, మాల్దీవ్స్‌కి అంత బడ్జెట్ లేదు, అలాంటి నీళ్లు ఇంకెక్కడుంటాయి?" అని చాలామంది అడుగుతున్నారు. నేనైతే అండమాన్ అంటాను. మనకి పాస్‌పోర్ట్ అక్కర్లేదు. చెన్నై నుంచి ఫ్లైట్‌లో రెండు గంటల పైచిలుకు, అంతే. వైజాగ్ నుంచి ఓడ కూడా ఉంది గానీ, అది ఎప్పుడో ఒకసారి బయల్దేరుతుంది, చేరడానికి సుమారు మూడు రోజులు పడుతుంది. సెలవులు దండిగా ఉన్నవాళ్లకే అది!

ముందు పేర్ల సంగతి. పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం చేశారు. హావ్‌లాక్ 2018 నుంచే స్వరాజ్ ద్వీప్, నీల్ ఐలాండేమో షహీద్ ద్వీప్. టికెట్ మీద కొత్త పేరు కనబడితే కంగారు పడకండి, అదే ఊరు.

ఇప్పుడు అసలు విషయం. మీరు ఫొటోల్లో చూసే రాధానగర్ బీచ్ హావ్‌లాక్‌లో ఉంది. అక్కడికి మామూలుగా ఫెర్రీలోనే వెళ్లాలి. సముద్రం బాగోలేదంటే ఫెర్రీ క్యాన్సిల్, మీ ఫ్లైట్ మాత్రం ఆగదు. చాలా ప్లాన్లు దెబ్బతినేది ఇక్కడే. పొద్దున హావ్‌లాక్‌లో ఫెర్రీ ఎక్కి, మధ్యాహ్నం ఫ్లైట్ పట్టుకుందాం అనుకోవద్దు. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. మే నుంచి వానలు మొదలైతే ఈ రిస్క్ ఇంకా ఎక్కువ. హోటల్ చవగ్గా దొరికిందని జులైలో బుక్ చేసుకోవడం నాకైతే నచ్చదు.

ఇంకోటి, సూర్యుడు. మన గడియారాలన్నీ కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తాయి. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది, అంటే సుమారు నలభై నిమిషాల తేడా. డిసెంబర్‌లో సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు మునిగిపోతాడు! టీ తాగి తాపీగా బీచ్‌కి వెళ్తే చీకటే మిగులుతుంది. మూడున్నరకే వెళ్లిపోండి.

నీళ్లలో దిగేముందు బోర్డులు చదవండి. అక్కడ ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో రాధానగర్ పక్కనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక టూరిస్ట్ మొసలి దాడిలో చనిపోయింది. లైఫ్‌గార్డ్ వద్దన్నచోట రీల్ కోసం దిగొద్దు. పగడపు ముక్కలు ఏరి బ్యాగులో వేసుకోవద్దు, వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

పోర్ట్ బ్లెయిర్‌లో మిగిలిన ఆ రోజు వేస్ట్ కాదు. బజార్లో తెలుగు వినిపిస్తుంది, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు బోలెడుమంది. సెల్యులార్ జైలుకి తప్పకుండా వెళ్లండి. 1906కి కట్టడం పూర్తయింది. ఏడు విభాగాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొరకి పడింది అండమాన్ శిక్షే. ఆయనే 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యారు! సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది. సీజన్లో టికెట్లు తొందరగా అయిపోతాయి, ముందే తీసుకోండి.