పాలారు నేర్పిన పాఠం
(ప్లాటినం జూబిలీ సభలోని ప్రసంగ పాఠం)



పాలారుకు క్షీరనది అని సంస్కృత నామం. కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో జన్మించి, కుప్పం సీమను దాటి, తమిళనాట వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, రాణిపేటల మీదుగా సాగి, వాయలూరు వద్ద సముద్రంలో కలుస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే. కనుక ఈ ఏటి గోడు తెలుగువారికి పరాయిది కాదు.

ఏడాదిలో అధిక కాలం పాలారు ఇసుక మేటగానే కనిపిస్తుంది. ఆ ఇసుక కింది ఊటే బావులకు ప్రాణం. తోళ్ళ కర్మాగారాల నుండి వెలువడిన ఉప్పునీరు, క్రోమియం మొదలగు రసాయనాలు ఆ ఊటలోనే ఇంకిపోయాయి. కొట్టుకుపోవడానికి ప్రవాహం లేదు. బావులు చేదెక్కాయి, పొలాలు చౌడుబారాయి. అయితే అవే కర్మాగారాలు వేలాది కుటుంబాలకు అన్నం పెట్టాయి. సమస్యలోని కాఠిన్యమంతా ఇక్కడే ఉన్నది.

వేలూరు పౌర సంక్షేమ వేదిక 1991లో సర్వోన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. తోళ్ళ పరిశ్రమ ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో పాక్షికంగానో పనికిరాకుండా పోయిందన్న విషయం న్యాయస్థానం ముందుకు వచ్చింది. 1996 ఆగస్టు 28న తీర్పు వెలువడింది. ముందుజాగ్రత్త వహించడం, కాలుష్యానికి కారకుడైనవాడే మూల్యం చెల్లించడం అనే రెండు సూత్రాలు ఈ దేశపు చట్టంలో భాగమేనని ఆ తీర్పు ప్రకటించింది. సామాన్య పౌరుల పూనికతో యావద్దేశానికి లభించిన రక్షణ అది.

అయినను, తీర్పు వెలువడినంత మాత్రాన ఏరు శుభ్రపడలేదు. 2001లో 29 వేలకు పైగా బాధితులకు 26 కోట్ల రూపాయలకు మించిన పరిహారం నిర్ణయమైంది. 2015 జనవరిలో రాణిపేటలో వ్యర్థజలాల మడ్డి నిల్వచేసిన తొట్టి గోడ కూలి, నిద్రిస్తున్న 10 మంది కార్మికులు మరణించారు. ఏటికి పట్టిన విషం, ఆ పనినే నమ్ముకున్నవారినీ విడిచిపెట్టదని ఆ రాత్రి తెలిపింది. 2025 జనవరి 30న సర్వోన్నత న్యాయస్థానం మరల జోక్యం చేసుకొని, పరిహారాన్ని ప్రభుత్వం చెల్లించి కాలుష్యకారుల నుండి రాబట్టుకోవాలని ఆదేశించింది. తొలి అర్జీకీ ఈ ఆదేశానికీ నడుమ గడచినవి 34 ఏండ్లు. నాడు బడిలో చేరిన బిడ్డ నేడు బిడ్డలను బడికి పంపుతున్నాడు.

అదే వేలూరు జిల్లాలో, పాలారు ఉపనది అయిన నాగనది పరీవాహకంలో, గ్రామీణ మహిళలు ఉపాధి హామీ పనుల ద్వారా ఇంకుడు బావులు తవ్వి, రాతి అడ్డుకట్టలు కట్టి భూగర్భజలాన్ని పెంచారు. న్యాయస్థానంలో వాదం ఎంత అవసరమో, ఏటిగట్టున పలుగు, పార అంత అవసరం.

చదువుకు ఇందులో ఒక బాధ్యత ఉన్నది. ఏటేటా తమ ఊరి బావినీటి రుచినీ, లోతునూ విద్యార్థులు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచగలరు. సాక్ష్యం లేని గోడు న్యాయస్థానం గడప దాటదు. అట్టి పుస్తకం ప్రతి పాఠశాలలోనూ ఉండుగాక!